విగ్టన్ హతసాక్షుల సమాధి

స్కాట్లండు దేశానికి నైరుతి మూలన, సాల్వే అఖాతానికి చేరువగా, విగ్టన్ అనే చిన్న పట్టణం ఉన్నది. ఊరు మెట్టమీద ఉంటుంది. ఆ మెట్ట దిగి సముద్రం వైపు నడిస్తే, బ్లాడ్నాక్ నది సాగరాన్ని చేరే చోట, గడ్డి మొలచిన ఉప్పునేలలు కనిపిస్తాయి. 1998 నుండి ఈ ఊరు స్కాట్లండుకు జాతీయ పుస్తక పట్టణంగా పేరు పొందింది. పాత పుస్తకాల దుకాణాల కొరకు వచ్చిన యాత్రికులలో చాలామంది పాత చర్చి ఆవరణలోనికి కూడ వెళ్ళి చూచి పోతారు.

ఆ ఆవరణలో రెండు చర్చిలున్నవి. ఒకటి 19వ శతాబ్దపు నడుమ కట్టినది. రెండవది మధ్యయుగాల నాటిది. కప్పు పోయి గోడలు మాత్రం మిగిలినవి. ఈ శిథిలానికి చేరువగా, సమాధుల తోటలో, ఇనుప కటకటాల మధ్య మూడు రాళ్ళు ఉన్నవి. ఒక రాతిమీద ముగ్గురు పురుషుల పేర్లున్నవి: విలియం జాన్‌స్టన్, జాన్ మిల్‌రాయ్, జార్జి వాకర్. న్యాయస్థానపు తీర్పు లేకుండానే వీరిని 1685లో మేజర్ విండ్రం ఉరి తీయించినాడని ఆ రాయి చెబుతుంది. మిగిలిన రెండు రాళ్ళు ఇద్దరు స్త్రీలవి. ఇద్దరి పేరూ మార్గరెట్టే. ఒకామె మార్గరెట్ మెక్‌లాక్లన్, అరువది ఏండ్లు దాటిన వితంతువు. రెండవ ఆమె గ్లెన్‌వెర్నాక్ అనే పల్లెలోని రైతు గిల్బర్ట్ విల్సన్ కుమార్తె, మార్గరెట్ విల్సన్. 1685లో ఈమెను కొయ్యకు కట్టి నీట ముంచినారనీ, అప్పటికి ఆమె వయస్సు 18 సంవత్సరాలనీ రాతిమీద చెక్కి ఉన్నది.

రాయి చెప్పేది ఇది. అయితే ఎడింబరోలో ప్రివీ కౌన్సిల్ అనే రాజసభ ఉండేది. స్కాట్లండు పరిపాలన అంతా ఆ సభ చేతిలోనే జరిగేది. ఆ సభ దినచర్య పుస్తకంలో 1685 ఏప్రిల్ 30వ తేదీ క్రింద మరొక మాట వ్రాసి ఉన్నది. ఈ ఇద్దరు స్త్రీల మరణశిక్షను నిలుపుదల చేయవలెననీ, రాజుగారి నుండి క్షమాపణ తెప్పించవలెననీ ఆ మాటకు సారాంశం. రాయి వారు మరణించినారని చెబుతుంది. రాజపత్రం వారికి ప్రాణదానం చేసినట్లు చెబుతుంది. ఈ రెండింటిలో దేనిని నమ్మవలెను? 19వ శతాబ్దంలో ఈ ప్రశ్నమీద పెద్ద వాగ్యుద్ధమే జరిగింది. ఆ వాదాన్ని విచారించడానికి ముందు, అసలు ఒక రైతు బిడ్డను సముద్రపు పోటుకు అప్పగించవలసిన అవసరం ఒక ప్రభుత్వానికి ఎందుకు కలిగిందో తెలుసుకోవలెను.

స్కాట్లండు ప్రజలలో అత్యధికులు 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంటు మతాన్ని అవలంబించినారు. అయితే సంఘాన్ని ఎవరు పాలించవలెనన్న తగవు తీరలేదు. రాజు నియమించిన బిషప్పుల ద్వారా సంఘం నడవవలెనన్నది రాజపక్షం వాదం. సంఘానికి శిరస్సు క్రీస్తు ఒక్కడేననీ, పాదిరులూ సంఘపెద్దలూ కూడిన సభలే దానిని నడపవలెననీ ప్రెస్బిటీరియన్ల వాదం. 1638లో ఎడింబరో నగరంలోని గ్రేఫ్రయర్స్ చర్చిలో ఈ వాదాన్ని కాపాడుతామని వేలాది ప్రజలు ఒక నిబంధన పత్రంమీద సంతకాలు చేసినారు. ఆ పత్రాన్ని బట్టే వారికి నిబంధనవాదులని పేరు వచ్చింది.

1660లో రెండవ చార్లెస్ సింహాసనం ఎక్కిన తరువాత బిషప్పులు మరల వచ్చినారు. వారి అధికారాన్ని ఒప్పుకోని పాదిరులు దాదాపు మూడవ వంతు మంది తమ చర్చిలు పోగొట్టుకొన్నారు. వారు కొండలలోను, బీళ్ళలోను ప్రార్థనలు జరపసాగినారు. ప్రజలు వారి వెంట నడచినారు. 1670 నాటి శాసనం అటువంటి సభలలో బోధించడాన్ని మరణదండనకు పాత్రమైన నేరం చేసింది. బలవంతం పెరిగినకొద్దీ ప్రతిఘటన కూడ క్రూరమైంది. 1679లో నిబంధనవాదులు కొందరు ఆర్చిబిషప్ షార్ప్‌ను బండిలోనుంచి లాగి, కుమార్తె ఎదుటనే చంపివేసినారు. అదే సంవత్సరం బాత్‌వెల్ వంతెన వద్ద వారి సైన్యం ఓడిపోయింది. 1684 నవంబరులో రెన్విక్ అనుచరులు, తమను వేటాడేవారిని దైవానికీ దేశానికీ శత్రువులుగా ఎంచి తగిన శిక్ష విధిస్తామని చర్చి తలుపులమీద ప్రకటన అంటించినారు. ప్రివీ కౌన్సిల్ దానికి వెంటనే జవాబు చెప్పింది. ఆ ప్రకటనను తాను ఒప్పుకోనని ప్రమాణం చేయడానికి నిరాకరించిన ఎవరినైనా, చేతిలో ఆయుధం ఉన్నా లేకున్నా, ఇద్దరు సాక్షుల ఎదుట చంపవచ్చునన్నది. ఈ కాలానికి స్కాట్లండు చరిత్రలో హత్యాకాలం అని పేరు నిలిచిపోయింది.

1685 జనవరిలో పల్లెలకు పంపిన న్యాయాధికారులకు ఇచ్చిన ఆదేశాలలో స్త్రీల ప్రస్తావన కూడ ఉన్నది. ఈ వ్యవహారాలలో ప్రముఖంగా పాల్గొన్న స్త్రీలను మాత్రమే విచారించవలెననీ, అటువంటివారిని నీట ముంచవలెననీ ఆ ఆదేశం. పురుషునికి ఉరి, స్త్రీకి జలమరణం అన్నది ఆ దేశంలో పూర్వం నుండి ఉన్న ఆచారమే.

గిల్బర్ట్ విల్సన్ కలిగిన రైతు. ఆయనా, భార్యా బిషప్పుల పాలనను ఒప్పుకొని ఊరి చర్చికి పోయేవారు. పిల్లలు మాత్రం పోలేదు. పెద్ద కుమార్తె మార్గరెట్, ఆమె చెల్లెలు పదమూడేండ్ల ఆగ్నెస్, తమ్ముడు థామస్ ఇల్లు విడిచి కొండలలో తిరిగినారు. తల్లిదండ్రులు సొంత బిడ్డలకు అన్నం పెట్టినా, ఆశ్రయమిచ్చినా శిక్షార్హులే. 1685 ఫిబ్రవరిలో రెండవ చార్లెస్ మరణించి, ఆయన తమ్ముడు జేమ్సు రాజైనాడు. ఆ రోజులలో అక్కచెల్లెండ్రు రహస్యంగా విగ్టన్ వచ్చినారు. పరిచయస్థుడొకడు రాజుగారి క్షేమం కోరి మద్యం పుచ్చుకొమ్మన్నాడనీ, వారు కాదన్నందున అధికారులకు పట్టి ఇచ్చినాడనీ 1721–22లో ఆ కాలపు చరిత్రను ప్రకటించిన రాబర్ట్ ఉడ్రో వ్రాసినాడు. వారితోపాటు కర్కిన్నర్ గ్రామానికి చెందిన మార్గరెట్ మెక్‌లాక్లన్ కూడ చెరలో పడింది.

ఏప్రిల్ 13వ తేదీన విచారణ జరిగింది. లాగ్ ప్రభువు గ్రియర్సన్, షెరీఫ్ డేవిడ్ గ్రేం, మేజర్ విండ్రం, కెప్టెన్ స్ట్రాకన్, ఊరి ప్రోవోస్టు కల్‌ట్రెయిన్ న్యాయపీఠంమీద కూర్చున్నారు. బాత్‌వెల్ వంతెన యుద్ధంలో పాల్గొన్నారనేది ఆరోపణలలో ఒకటి. ఆ యుద్ధం నాటికి మార్గరెట్ వయస్సు పన్నెండు. ఆగ్నెస్ ఏడెనిమిదేండ్ల పసిది. ప్రమాణం చేయుమంటే ముగ్గురూ నిరాకరించినారు. ఊరి పెద్దమనుషులతో కూడిన జ్యూరీ వారిని దోషులని తేల్చింది. బ్లాడ్నాక్ నదిలో, పోటు నీరు వచ్చే హద్దుకు లోపల, కొయ్యలకు కట్టి ముంచివేయవలెనని తీర్పు. తండ్రి నూరు పౌనులకు పూచీపత్రం వ్రాసి ఇచ్చి ఆగ్నెస్‌ను విడిపించుకొన్నాడు. పెద్ద కుమార్తెను విడిపించుకోలేకపోయినాడు.

ఈ సమయంలో ఎడింబరోకు ఒక విన్నపం చేరింది. అది మార్గరెట్ మెక్‌లాక్లన్ పేరిట ఉన్నది. ఆమెకు వ్రాత రాదు; ఆమె తరఫున నోటరీ సంతకం చేసినాడు. తనకు పడిన శిక్ష న్యాయమైనదేననీ, ఇకమీదట ప్రమాణం చేసి చర్చికి పోతాననీ, దయ చూపుమనీ అందులో ఉన్నది. ఈ విన్నపం కొందరు భక్తులకు మింగుడుపడలేదు. హతసాక్షి ఒక్క క్షణమైనా తడబడరాదని వారి అభిప్రాయం కాబోలు! కాని చెరసాలలో చావు కొరకు ఎదురుచూచే ఒక ముదుసలి, చదవలేని కాగితం క్రింద తన పేరు పెట్టనిచ్చినంత మాత్రాన ఆమె గౌరవానికి లోటు లేదు. విన్నపం ఫలించింది. ఏప్రిల్ 30న కౌన్సిల్ శిక్షను నిలుపుదల చేసింది. అయితే ఆ నిలుపుదల ఎప్పటివరకో తెలిపే తేదీ వ్రాయవలసిన చోట గుమాస్తా ఖాళీ విడిచినాడు. పైగా శిక్ష ఆపవలసినదని ఆజ్ఞాపించినది విగ్టన్ అధికారులను కాదు, ఎడింబరో అధికారులను!

పదకొండు రోజులు గడచినవి. మే 11వ తేదీన మేజర్ విండ్రం సైనికులు ఇద్దరు స్త్రీలను నదీముఖానికి తీసుకొని పోయినారు. మన కాకినాడ, మచిలీపట్నం తీరాలలో పోటు నీరు మనిషి ఎత్తు లేవడం కూడ అరుదు. సాల్వే తీరంలో అది మూడు నాలుగు నిలువుల ఎత్తు లేస్తుంది. ఆటు సమయంలో మైళ్ళకొలది బురద బయటపడుతుంది. పోటు వేళ ఆ మైదానమంతా చూస్తూండగానే సముద్రమైపోతుంది. ముదుసలిని నదిలో లోతైన చోట కట్టినారు. మార్గరెట్ విల్సన్‌ను ఆమెకు వెనుక, ఒడ్డుకు దగ్గరగా కట్టినారు. పెద్దామె మరణాన్ని కండ్లారా చూచి చిన్నది లొంగుతుందని వారి ఆలోచన.

ఆ తరువాత జరిగిన దానిని 1711లో పెనింగ్‌హాం గ్రామ సంఘపెద్దల సభ తన పుస్తకంలో వ్రాయించింది. ముదుసలి నీటిలో పెనుగులాడుతూండగా, ఇప్పుడేమంటావని మార్గరెట్‌ను అడిగినారట. అక్కడ పెనుగులాడుతున్నది క్రీస్తేనని ఆమె భావం వచ్చేటట్లు జవాబు చెప్పింది. 25వ కీర్తన పాడింది; రోమా పత్రికలోని 8వ అధ్యాయం చదివింది; ప్రార్థించింది. నీరు మీదికి వచ్చిన తరువాత ఆమెను పైకి లేపి పట్టుకొని, ఊపిరి తిరిగేవరకు ఆగి, రాజు కొరకు ప్రార్థిస్తావా అని అడిగినారు. మానవులందరి రక్షణనూ కోరుతాననీ, ఎవరి నాశనాన్నీ కోరననీ ఆమె అన్నది. రాజు కొరకు కూడ ప్రార్థించినదని ఒడ్డున ఉన్నవారు కేకలు వేసినారు. విండ్రం అంతటితో తృప్తి పడలేదు, ప్రమాణం చేయవలెనన్నాడు. ఆమె చేయనన్నది. ఆమెను మరల నీటిలోనికి నెట్టినారు.

రాజు మేలు కోరడానికి ఆ బాలికకు అభ్యంతరం లేదు. ఆమె కాదన్నది ప్రమాణాన్ని. ఏది నమ్మవలెనో, దేనిని విడువవలెనో మరొకరు వ్రాసి ఇచ్చిన మాటలలో తన నోట పలకడానికి ఆమె అంగీకరించలేదు. ఒక్క వాక్యంతో ప్రాణం దక్కేది. ఆ వాక్యం విలువ ఎంతో అధికారికి తెలుసు, ఆమెకూ తెలుసు.

మూడున్నర సంవత్సరాలలో కాలం తిరిగింది. 1688లో జేమ్సు రాజు దేశం విడిచి పారిపోయినాడు. 1690లో స్కాట్లండు సంఘం మరల ప్రెస్బిటీరియన్ పద్ధతికి వచ్చింది. విగ్టన్ కథ భక్తుల ఇండ్లలో చెప్పుకొనే కథ అయింది. మన దేశంలో ఇంగ్లీషు విద్యకు బాట వేసిన 1835 నాటి మినిట్‌ను వ్రాసిన మెకాలే, 1848లో వెలువడిన తన ఇంగ్లండు చరిత్రలో ఈ వృత్తాంతాన్ని జాలి పుట్టే విధంగా వర్ణించినాడు. దానితో విగ్టన్ పేరు ఇంగ్లీషు చదివిన వారున్న ప్రతి దేశానికీ చేరింది. 1858లో ఊరిపైన ఉన్న గుట్టమీద స్మారకస్తంభం లేచింది. 1871 ప్రాంతంలో మిలే అనే ప్రసిద్ధ చిత్రకారుడు కొయ్యకు కట్టిన మార్గరెట్‌ను చిత్రించినాడు. ఆ చిత్రం లివర్‌పూల్ నగరంలోని వాకర్ చిత్రశాలలో ఉన్నది.

సరిగా ఈ నడుమ, 1863లో, మార్క్ నేపియర్ అనే న్యాయవాది ఒక పుస్తకం ప్రకటించి, ఈ కథ అంతా కట్టుకథ అన్నాడు. కౌన్సిల్ శిక్షను నిలిపివేసింది కదా, ఎడింబరో అధికారులను ఆజ్ఞాపించింది కదా, కనుక ఆ స్త్రీలు అప్పటికే ఎడింబరో చెరసాలలో క్షేమంగా ఉండి ఉండవలెనని ఆయన వాదం. రాజ్యపు దఫ్తరంలో ఉన్న పత్రం ముందు పల్లెటూరి వారి జ్ఞాపకాలు నిలువవని ఆయన విశ్వాసం. 1867లో ఆర్చిబాల్డ్ స్టీవర్ట్ అనే పాదిరి దీనికి సమాధానం వ్రాసినాడు. ఆ స్త్రీలు ఎడింబరో చేరినట్లు చెప్పే పత్రం ఒక్కటీ లేదని ఆయన చూపినాడు.

నేపియర్ వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. సమాధి రాయి నిష్పాక్షికమైన సాక్షి కాదు. దానిని నిలిపినవారు ఒక పక్షానికి చెందినవారు. ఈ ప్రాంతపు హతసాక్షుల సమాధులమీద అరిగిన అక్షరాలను తిరిగి చెక్కుతూ, 18వ శతాబ్దంలో రాబర్ట్ పేటర్సన్ అనే శిల్పి గుర్రంమీద ఊరూరా తిరిగి జీవితమంతా గడిపినాడు. వాల్టర్ స్కాట్ 1816లో వ్రాసిన ప్రసిద్ధ నవల ‘ఓల్డ్ మోర్టాలిటీ’ పేరు ఆయన మారుపేరే. భక్తి చెక్కిన అక్షరాన్ని చరిత్రకారుడు మరొక ఆధారంతో సరిచూచుకోక తప్పదు.

అయితే ఇక్కడ ఆ ఆధారాలున్నవి. సంఘటన జరిగిన రెండేండ్లకే, జేమ్సు ఇంకా సింహాసనంమీద ఉండగానే, 1687లో అలెగ్జాండర్ షీల్డ్స్ ప్రకటించిన గ్రంథంలో స్త్రీలను నీట ముంచిన ప్రస్తావన ఉన్నది. 1711లో పెనింగ్‌హాం సభ వృత్తాంతం వ్రాసుకొనే నాటికి మార్గరెట్ తమ్ముడు థామస్ జీవించి ఉన్నాడు. ఆ మాటలు నిజమని అతడు పలికినాడు. కర్కిన్నర్ సభ ముదుసలి వృత్తాంతాన్ని వ్రాసుకొన్నప్పుడు ఆమె కుమార్తె ఎలిజబెత్ సాక్ష్యం చెప్పింది. ఒకరిది అక్క, మరొకరిది తల్లి. తమవారు ప్రాణాలతో ఇంటికి తిరిగి వచ్చి ఉంటే వీరికి తెలియకుండా ఉంటుందా? గిల్బర్ట్ విల్సన్ జరిమానాలతోను, ఇంటిలో దిగిన సైనికుల పోషణతోను చితికిపోయి దారిద్ర్యంలో మరణించినాడని కూడ పెనింగ్‌హాం పుస్తకం చెబుతుంది.

వీరికంటె బలమైన సాక్షి మరొకడున్నాడు. అతడు హతసాక్షుల పక్షంవాడు కాడు. వారికి శిక్ష విధించిన పక్షంవాడు. 1704 జూలైలో మెకీండ్ అనే ఊరి బెయిలీ విగ్టన్ సంఘపెద్దల సభ ముందుకు వచ్చి, ప్రభువు భోజన సంస్కారంలో తనకు పాలు ఇవ్వవలెనని కోరినాడు. 1685లో ఈ ఊరిలో మరణదండన పొందిన ఆ స్త్రీలను విచారించిన జ్యూరీలో తాను కూర్చున్నందుకు హృదయంలో దుఃఖిస్తున్నాననీ, ఆ పాపానికి క్షమాపణ ప్రసాదించుమని దేవుని ఎన్నోమార్లు వేడుకొన్నాననీ చెప్పుకొన్నాడు. పెద్దలు అతనిని వెలుపలికి పంపి, ఆనాటి నుండి అతని నడవడిని విచారించుకొని, పశ్చాత్తాపం నిజమేనని తృప్తిపడి, కోరిక మన్నించినారు.

ఈ చిన్న సంగతిని నేపియర్ వాదం ప్రక్కన పెట్టి చూడండి. అధికారం అప్పటికి చేతులు మారింది కనుక, బెయిలీకి ఊరిలో మంచి అనిపించుకోవలసిన అవసరం ఉండి ఉండవచ్చును. కాని ఆ స్త్రీలు క్షమాపణ పొంది బ్రతికి ఉంటే, అతడు చెప్పుకోవలసిన మొదటి మాట అదే. వారికి నా వలన ప్రాణహాని జరుగలేదు కదా అని అనేవాడు. అతడు ఆ మాట అనలేదు. పందొమ్మిదేండ్లు గడచిన తరువాత, అందరూ ఎరిగిన ఊరిలో, అందరూ ఎరిగిన విషయం మీద తల వంచుకొని నిలబడినాడు. అందుచేతనే నేడు చరిత్రకారులలో అత్యధికులు ఆ శిక్ష అమలు జరిగిందనే అంగీకరిస్తారు. కౌన్సిల్ పుస్తకంలోని పత్రాన్ని మొదట లోకానికి చెప్పినవాడు నేపియర్ కాదు. ప్రెస్బిటీరియన్ అయిన ఉడ్రోయే దానిని చూచి తన చరిత్రలో ప్రస్తావించినాడు. క్షమాపణ సంగతి లక్ష్యపెట్టక చంపించినవారి దోషం దాని వలన మరింత పెరుగుతుందని ఆయన అభిప్రాయం. పత్రం సకాలంలో విగ్టన్ చేరలేదని మరికొందరు అంటారు.

దినచర్య పుస్తకంలోని పత్రం కూడ నిజమే, రాయి కూడ నిజమే. రాజధానిలో కూర్చున్న కౌన్సిల్ దయ చూపింది. ఆ దయ తేదీ లేని కాగితంగా, తప్పు చిరునామాతో పుస్తకంలో నిలిచిపోయింది. నదీముఖంలో కొయ్యలు పాతినవారికి మాత్రం తేదీ, స్థలం స్పష్టంగా తెలుసు. ప్రభుత్వం దయ చూపిందా లేదా అన్నది ఉత్తరువు ప్రతిని చూచి తేల్చేది కాదు. ఆ ఉత్తరువు చివరి మనిషి వరకు చేరిందా అన్నది చూడవలెను.

ఈ మూడున్నర శతాబ్దాలలో బ్లాడ్నాక్ నది తన దారి మార్చుకొన్నది. ఆ స్త్రీలు నీట మునిగిన చోట నేడు గడ్డి పెరుగుతున్నది. గుర్తు కొరకు కొయ్య ఆకారంలో ఒక రాతి స్తంభం నిలిపినారు. పైన ఉన్న సమాధుల తోటలో మార్గరెట్ పేరున్న రాయిని వెదకి అందరూ చూస్తారు. ఆ తోట ప్రక్కనే ఉన్న పాత చర్చికి చెందిన పెద్దల ఎదుట నిలిచి, తీర్పులో తన పాలు తనదేనని ఒప్పుకొన్న ఆ జ్యూరీ సభ్యుని కూడ అక్కడ ఒకసారి తలచుకోవడం న్యాయం. రాతిమీది మాటకు అతని మాటే గట్టి పూచీ.